లూప్ లోపలి సంగతి కంటికి చూపించే థానీ: కొత్తగా పైథాన్ నేర్చుకునేవారికి ఎంతవరకు పనికొస్తుంది?

ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్లు ఇఫ్, ఎల్స్ దాకా సాఫీగానే వస్తారు. లూప్ దగ్గర చాలామంది ఆగిపోతారు. అప్పటిదాకా ప్రతి వరుసా ఒక్కసారే నడిచింది, పై నుంచి కిందికి చదువుకుంటూ పోతే అర్థమైపోయింది. లూప్‌లో అదే వరుస పదిసార్లు నడుస్తుంది. నడిచిన ప్రతిసారీ అందులోని పేర్లకు వేరే విలువ ఉంటుంది. తెర మీద మాత్రం ఒక్క వరుసే కనిపిస్తుంది. మిగతా తొమ్మిది చుట్లూ మనసులో తిప్పుకోవాలి. అది అలవాటు కానివాళ్లు లూప్‌ను ఎక్కంలా బట్టీ పడతారు, పరీక్షలో ప్రశ్న కాస్త మారగానే చిక్కుకుపోతారు.

థానీ ఈ ఒక్క ఇబ్బంది మీద బాగా పనిచేసే సాఫ్ట్‌వేర్. ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో, పైథాన్ కొత్తగా నేర్చుకునేవారి కోసమే తయారైంది. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఇందులో చాలా సౌకర్యాలున్నాయి కానీ, లూప్‌లు నేర్చుకోవడానికి ఎంత ఉపయోగమన్నదే ఇక్కడ చూస్తున్నాం. ముందే చెప్పాలంటే, పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని వాడేవాళ్లకు ఇంతకంటే మంచి సాధనం ఉచితంగా దొరకడం కష్టం. బటన్ నొక్కుతూ చూస్తూ కూర్చునేవాళ్లకు మాత్రం పెద్దగా ఒరిగేది లేదు.

ఒక మాట. కింద కోడ్ అంతా చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఫర్, ఇన్, రేంజ్, వైల్, ప్రింట్ వంటివి ఇంగ్లిష్ అక్షరాల్లోనే, అన్నీ చిన్న అక్షరాల్లోనే (స్మాల్ లెటర్స్) కొట్టాలి. వేరియబుల్ పేర్లు (విలువలకు మనం పెట్టుకునే పేర్లు) మాత్రం తెలుగులోనే ఉంచుకోవచ్చు. పైథాన్ 3 మొత్తం, అప్పు, నెల వంటి పేర్లను ఏ అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది. జాగ్రత్త పడాల్సింది ఒక్కటే: 'మార్క్‌లు' లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా కీబోర్డు కంటికి కనిపించని ఒక గుర్తును పెడుతుంది. దాన్ని పైథాన్ పేరులో భాగంగా ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. 'మార్కులు' అని రాస్తే ఏ గొడవా ఉండదు.

పెట్టుకోవడం

విండోస్ ఇన్‌స్టాలర్ సుమారు 20 ఎంబీ. పైథాన్ అందులోనే కలిసి వస్తుంది కాబట్టి విడిగా దించుకోనక్కర్లేదు, పైథాన్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే 'పాత్' సెట్ చేసే తలనొప్పి లేదు. కొత్తవాళ్లు మొదటిరోజే కంగారుపడి వదిలేసేది ఆ పాత్ దగ్గరే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు 'నాకు మాత్రమే' అన్నది ఎంచుకుంటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగదు. కాలేజీ ల్యాబ్‌లో అదీ కుదరకపోతే పోర్టబుల్ రకం ఉంది, పెన్‌డ్రైవ్‌లో విప్పుకుని నడుపుకోవచ్చు. ఇంట్లో పాత విండోస్ 7 కంప్యూటరే ఉంటే పైథాన్ 3.8 కలిపి ఇచ్చే 32 బిట్ రకాన్ని దించుకోవాలి. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వాడేవాళ్లకు ఇది ముందే పెట్టి ఉంటుంది.

మొదటిసారి తెరిచినప్పుడు స్టాండర్డ్ కావాలా, రాస్ప్‌బెర్రీ పై తీరు కావాలా అని అడుగుతుంది. స్టాండర్డ్ ఎంచుకోండి. పొరపాటున రెండోది ఎంచుకుంటే పైన మెనూలు కనిపించవు. అప్పుడు కుడివైపు మూలన రెగ్యులర్ మోడ్‌కు మారమనే లింకు నొక్కి, థానీని మూసి మళ్లీ తెరవాలి. తర్వాత వ్యూ మెనూలో వేరియబుల్స్ అన్నదానికి టిక్ పెట్టండి. లూప్‌లు నేర్చుకునేంత కాలం ఆ కిటికీ మూయకూడదు.

ఎఫ్6కీ ఎఫ్7కీ తేడా

ఈ చిన్న ప్రోగ్రామ్ కొట్టి సేవ్ చేయండి:

మొత్తం = 0
ఫర్ అంకె ఇన్ రేంజ్(1, 6):
    మొత్తం = మొత్తం + అంకె
ప్రింట్(మొత్తం)

ఎఫ్5 నొక్కితే కింద, జవాబులు కనిపించే షెల్‌లో 15 వస్తుంది. ఎలా వచ్చిందో తెలియదు. ఎఫ్5 బదులు కంట్రోల్ పట్టుకుని ఎఫ్5 నొక్కితే డీబగ్గర్ (ప్రోగ్రామ్‌ను అడుగడుగునా ఆపి చూపించేది) మొదలవుతుంది, ప్రోగ్రామ్ మొదటి వాక్యం దగ్గర ఆగి మన కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడి నుంచి రెండు మీటలతో పని. ఎఫ్6 పెద్ద అడుగు, ఎఫ్7 చిన్న అడుగు.

కొత్తవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. చాలా డీబగ్గర్లలో ఒక అడుగంటే ఒక వరుస. థానీలో అలా కాదు, అడుగులు ప్రోగ్రామ్ నిర్మాణాన్ని బట్టి పడతాయి. ఫర్ లూప్ అంటే ఆ ఒక్క వరుస కాదు, దాని కింద లోపలికి జరిపి రాసినదంతా కలిపి ఒకటే వాక్యం. అందుకని ఫర్ దగ్గర ఎఫ్6 నొక్కితే ఐదు చుట్లూ ఒక్క దెబ్బకు అయిపోతాయి, వేరియబుల్స్ కిటికీలో మొత్తం నేరుగా 15 అయిపోతుంది. 'ఏమీ చూపించలేదే' అని అక్కడే వదిలేసేవాళ్లున్నారు. లూప్ లోపలికి దిగాలంటే ఎఫ్7 నొక్కాలి. దిగాక లోపలి వరుసను మాత్రం ఎఫ్6తో దాటుకుంటూ పోవచ్చు. ఒక్క ఎఫ్6తో ఒక చుట్టు అయిపోతుంది, ఎందుకంటే లోపల ఉన్నది ఒక్క వరుసే.

లోపలి వరుస దగ్గర కూడా కనీసం మొదటి రెండు చుట్లు ఎఫ్7తోనే నడవండి. థానీ గొప్పదనం అక్కడ తెలుస్తుంది. సమానం గుర్తుకు కుడివైపు ఉన్నదాని చుట్టూ ఒక పెట్టె వస్తుంది. 'మొత్తం + అంకె' అన్నచోట ముందు మొత్తం అన్న పేరు పోయి దాని స్థానంలో 0 కూర్చుంటుంది, తర్వాత అంకె పోయి 1 వస్తుంది, తర్వాత రెండూ కలిసి 1 అవుతుంది. ఆ 1 అప్పుడు ఎడమవైపు పేరులోకి వెళ్తుంది. 'ఎక్స్ సమానం ఎక్స్ ప్లస్ వన్' అనేది లెక్కల్లో తప్పు కదా అని అడిగే పిల్లలకు ఇంతకంటే సూటి జవాబు లేదు: కుడివైపు ముందు పూర్తవుతుంది, ఆ తర్వాతే ఎడమవైపు నిండుతుంది.

అయితే ప్రతి మీటకూ ముందు పెన్ను కదలాలి. కాగితం మీద మూడు గడులు గీయండి: చుట్టు, అంకె, మొత్తం. ఎఫ్6 నొక్కేముందు తర్వాతి వరుసలో ఏం రావాలో రాసి, అప్పుడు నొక్కి, కిటికీలో ఉన్నదానితో పోల్చుకోవాలి. 1, 3, 6, 10, 15 అని వరుసగా సరిపోతే లూప్ మీకు వచ్చినట్టు. మూడో చుట్టులో తేడా వస్తే, తప్పు అభిప్రాయం ఎక్కడుందో అప్పటికప్పుడు దొరికినట్టు. మన దగ్గర మాస్టార్లు దీన్నే డ్రై రన్ అంటారు. డ్రై రన్ తప్పో ఒప్పో వెంటనే చెప్పే తోడు లేక పిల్లలు విసుగుపడి మానేస్తారు. థానీని ఆ తోడుగా వాడుకోవాలి. రాయకుండా చూస్తే ప్రతిదీ తెలిసినట్టే ఉంటుంది, ఖాళీ ఫైల్ తెరిచేసరికి ఒక్క వరుసా రాదు.

ఇదే ప్రోగ్రామ్‌ను కావాలని పాడుచేసి చూడండి. 'మొత్తం = 0' అన్న వరుసను ఫర్ లోపలికి జరిపితే జవాబు 5 వస్తుంది. ప్రతి చుట్టులోనూ మొత్తం సున్నాకు పడిపోవడం కిటికీలో కళ్లెదుటే కనిపిస్తుంది. ప్రింట్‌ను నాలుగు ఖాళీలు లోపలికి జరిపితే ఒక జవాబు బదులు ఐదు వస్తాయి. ఫర్ చివర కోలన్ పెట్టి ఎంటర్ కొడితే థానీ తనంతట తానే నాలుగు ఖాళీలు లోపలికి జరుపుతుంది. లూప్ అయిపోయాక వెనక్కి రావడం మాత్రం మన పని, బ్యాక్‌స్పేస్ ఒకసారి కొట్టాలి. ల్యాబ్‌లో వచ్చే 'అవుట్‌పుట్ ఎక్కువసార్లు వస్తోంది సార్' అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ బ్యాక్‌స్పేస్ మరిచిపోవడమే.

పదో వరుస రాని ఎక్కం

ఏడో ఎక్కం రాయమంటే చాలామంది రేంజ్(1, 10) అని రాస్తారు. ఏడు తొమ్ముల అరవై మూడుతో ఆగిపోతుంది, ఏడు పదుల డెబ్బై రాదు. రేంజ్‌లో రెండో అంకె దాకా వెళ్తుంది, దాన్ని మాత్రం ఇవ్వదు. 1 నుంచి 10 కావాలంటే రేంజ్(1, 11). పది నుంచి ఒకటికి దిగాలంటే రేంజ్(10, 0, -1). ఇక్కడ 0 దగ్గర ఆగుతుంది కానీ 0ను ఇవ్వదు. మూడో అంకె మరిచిపోయి రేంజ్(10, 0) అంటే ఎర్రర్ రాదు, లూప్ ఒక్కసారి కూడా తిరగదు. ఎర్రర్ లేని తప్పును పట్టుకోవడమే కష్టం. థానీలో ఎఫ్7తో దిగితే లోపలి వరుసను తాకకుండానే డీబగ్గర్ బయటికి వచ్చేస్తుంది, తప్పు చుట్ల సంఖ్యలో ఉందని తెలిసిపోతుంది.

సీ భాష ముందు నేర్చుకున్న ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ విద్యార్థులకు ఇక్కడ వేరే ఇబ్బంది. సీలో ఫర్ లోపల లెక్కించే వేరియబుల్‌ను మార్చితే చుట్ల సంఖ్య మారిపోతుంది. పైథాన్‌లో లోపల అంకె = 100 అని రాసినా తర్వాతి చుట్టుకు రేంజ్ తన వరుసలోని తర్వాతి విలువనే ఇస్తుంది, మీ 100 పోతుంది. రెండో తేడా లూప్ అయిపోయాక కనిపిస్తుంది. సీలో 1 నుంచి 10 దాకా తిప్పితే చివరికి ఆ వేరియబుల్‌లో 11 ఉంటుంది, పైథాన్‌లో 10 ఉంటుంది. ఈ రెండింటినీ వేరియబుల్స్ కిటికీ పెట్టుకుని ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

రెండు రూపాయల వడ్డీ, వైల్ లూప్

ఎన్ని చుట్లో ముందే తెలిస్తే ఫర్, తెలియకపోతే వైల్ అని పుస్తకాల్లో ఉంటుంది. ఆ తెలియకపోవడమంటే ఏమిటో తెలియాలంటే వడ్డీ లెక్క తీసుకోవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 10,000 తెచ్చారు. నెలనెలా వడ్డీ కట్టకుండా అసలులో కలుపుకుంటూ పోతే ఎన్ని నెలలకు రెట్టింపు అవుతుంది?

అప్పు = 10000
నెల = 0
వైల్ అప్పు < 20000:
    అప్పు = అప్పు * 1.02
    నెల = నెల + 1
ప్రింట్(నెల, అప్పు)

జవాబు 36 నెలలు, అప్పు సుమారు 20,398 రూపాయల 87 పైసలు. (బారువడ్డీ అయితే నెలకు 200 చొప్పున 50 నెలలు పట్టేది.) ఈ అంకెలనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 35వ నెల పూర్తయ్యేసరికి అప్పు సుమారు 19,998 రూపాయల 90 పైసలు. రెట్టింపుకు రూపాయి పది పైసలు తక్కువ. అందుకని షరతు ఇంకా నిజమే, లూప్ ఇంకో చుట్టు తిరుగుతుంది. ఎఫ్7తో నడిస్తే ప్రతి చుట్టు మొదట్లో 'అప్పు < 20000' అన్నచోట పెట్టెలో ట్రూ అని వస్తుంది, 36 చుట్లయ్యాక ఫాల్స్ అని వస్తుంది. షరతును పరీక్షించేది చుట్టు మొదట్లోనే, మధ్యలో కాదు. అప్పు 20,000 దాటిన ఆ క్షణంలోనే లూప్ ఆగదు, ఆ చుట్టులో మిగిలిన 'నెల = నెల + 1' కూడా నడిచాకే పైకి వెళ్లి చూస్తుంది. ఈ సంగతి తెలియకే చాలామందికి లెక్క ఒకటి తేడా వస్తుంది.

36 చుట్లు ఒక్కొక్కటీ మీటతో నొక్కడం అనవసరం. మూడు చుట్లు నడిచి, 'అప్పు = అప్పు * 1.02' దగ్గర వరుస సంఖ్య మీద రెండుసార్లు క్లిక్ చేసి బ్రేక్‌పాయింట్ పెట్టుకుంటే, ఎఫ్8 నొక్కినప్పుడల్లా ఒక చుట్టు పూర్తయి అక్కడ ఆగుతుంది. ఇంకో దారి ప్లాటర్. లోపల ప్రింట్(అప్పు) అని పెట్టి, వ్యూ మెనూలో ప్లాటర్ తెరిస్తే షెల్‌లోకి వచ్చే అంకెలను థానీ గీతగా గీస్తుంది. చక్రవడ్డీ గీత పైకి వంగుతూ పోవడం, బారువడ్డీది తిన్నగా ఉండడం పక్కపక్కన చూసుకోవచ్చు. హైస్కూలు పిల్లలకు లూప్‌తో పాటు లెక్కలూ అందుతాయి.

వైల్‌లో మరిచిపోయే వరుసను బట్టి తప్పు రూపం మారుతుంది. 'నెల = నెల + 1' మరిచిపోతే లూప్ ఆగుతుంది, జవాబు 0 అని వస్తుంది. అప్పు పెంచే వరుస మరిచిపోతే షరతు ఎప్పటికీ నిజమే, లూప్ ఆగదు. షెల్‌లో ఏమీ రాదు, మూడు యాంగిల్ బ్రాకెట్ల ప్రాంప్ట్ తిరిగి కనిపించదు. కంప్యూటర్ ఆగిపోయిందని భయపడి పవర్ బటన్ నొక్కే పని లేదు. పైన ఎర్రటి స్టాప్ బటన్ గానీ కంట్రోల్+ఎఫ్2 గానీ చాలు. థానీ మన ప్రోగ్రామ్‌ను వేరే ప్రాసెస్‌గా నడుపుతుంది కాబట్టి ప్రోగ్రామ్ చస్తుంది కానీ ఎడిటర్ బతికే ఉంటుంది. ఆగని లూప్ లోపల ప్రింట్ ఉంటే మాత్రం షెల్ నిండిపోతూ థానీ కూడా మందగిస్తుంది, స్టాప్ నొక్కాక కొన్ని క్షణాలు ఓపిక పట్టాలి.

ఇదే కోవలో ఒక మొండి తప్పు: ఎక్స్ సున్నాతో మొదలుపెట్టి, 'వైల్ ఎక్స్ != 1.0' అని రాసి, ప్రతి చుట్టులో 0.1 కలపడం. పది చుట్లకు 1.0 అవుతుందనుకుంటాం. పదో చుట్టులో కిటికీలో కనిపించేది 0.9999999999999999. 0.1ని కంప్యూటర్ తన 0, 1 అనే రెండు అంకెల పద్ధతిలో కచ్చితంగా దాచుకోలేదు, కొద్దికొద్దిగా తేడా పేరుకుపోతుంది. పదకొండో చుట్టులో 1 దాటిపోతుంది, సమానం ఎప్పుడూ కాదు, లూప్ ఆగదు. దశాంశాలతో నడిచే లూప్‌లో != పెట్టకూడదు. పూర్ణాంకాలతో పదిసార్లు తిప్పి, లోపల పదితో భాగించుకోవాలి.

కిటికీ చెప్పేవి, చెప్పనివి

వేరియబుల్స్ కిటికీలో చూడాల్సింది విలువ ఒక్కటే కాదు. ఎన్నిసార్లు తిప్పాలో వాడేవాళ్లను అడిగే ప్రోగ్రామ్ రాసి, ఇన్‌పుట్ ఇచ్చినదాన్ని నేరుగా రేంజ్‌లో పెడితే టైప్ ఎర్రర్ వస్తుంది. కిటికీలో చూస్తే ఆ వేరియబుల్ పక్కన 5 అని కాక కొటేషన్ గుర్తుల మధ్య '5' అని ఉంటుంది. అంటే అది అంకె కాదు, అక్షరం. ఇంట్( ) లో చుట్టి పెట్టాలి. ఈ కొటేషన్ గుర్తులను గమనించడం మొదటి వారంలోనే అలవాటు చేసుకోవాలి.

కిటికీ చెప్పలేనిది కూడా ఉంది. మార్కుల జాబితా [35, 20, 18, 60] లో 35 కంటే తక్కువవి తీసేయాలని ఫర్ లూప్‌తో అదే జాబితా మీద తిరుగుతూ రిమూవ్ వాడితే, [35, 60] రావాల్సినచోట [35, 18, 60] వస్తుంది. 18 ఎలా తప్పించుకుంది? ఫర్ జాబితాలో స్థానాలను లెక్కపెట్టుకుంటూ వెళ్తుంది. రెండో స్థానంలోని 20 పోగానే 18 ముందుకు జరిగి ఆ రెండో స్థానంలోకి వస్తుంది. ఫర్ అప్పటికి మూడో స్థానానికి వెళ్లిపోతుంది, అక్కడ ఉన్నది 60. జాబితా కురచ కావడం థానీలో కనిపిస్తుంది కానీ ఫర్ ఏ స్థానంలో ఉందో చూపించే గుర్తు ఎక్కడా లేదు. ఇది నిజమైన లోటు. జాబితాలతో లూప్‌లు నేర్పే సాధనానికి ఆ చిన్న బాణం గుర్తు ఉండాల్సింది. అందాకా కాగితం మీద జాబితా గీసి వేలు పెట్టుకుని నడవాలి. ఈ లెక్కకు సరైన దారి తీసేయడం కాదు, ఉంచుకోవాల్సినవాటిని కొత్త జాబితాలోకి అపెండ్ చేసుకోవడం (చివర చేర్చుకోవడం).

లూప్‌లో లూప్ వచ్చినప్పుడు చుట్లు తగ్గించుకోవడం తప్పనిసరి. 2 నుంచి 20 దాకా ఎక్కాలంటే 19ని 10తో గుణించి 190 చుట్లు, వాటిని మీటతో నడవలేం. బయట రేంజ్(2, 4), లోపల రేంజ్(1, 4) పెడితే ఆరే చుట్లు. బయటిది ఒక్కసారి కదిలేలోపు లోపలిది మొదటినుంచి చివరిదాకా తిరగడం ఆ ఆరింటిలోనే కనిపిస్తుంది. బ్రేక్ రాస్తే అది ఉన్న లూప్ మాత్రమే తెగుతుంది, బయటిది తెగదు అన్నది కూడా ఇక్కడే పరీక్షించుకోవాలి. నక్షత్రాల త్రిభుజాల ప్రశ్నలు ల్యాబ్ పరీక్షల్లో తప్పకుండా వస్తాయి. వాటిలో కొత్త వరుసకు పోకుండా ప్రింట్ లోపల ఎండ్ కోసం రాసే ఖాళీ కొటేషన్, లోపలి లూప్ అయిపోయాక రాసే ఖాళీ ప్రింట్, ఈ రెండిటి స్థానం తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

చిన్న పిల్లలతో అయితే జాబితాలకంటే ముందు టర్టిల్ (గీతలు గీసే పైథాన్ సౌకర్యం) ఎత్తుకోండి. ఫార్వర్డ్ 200, రైట్ 144, ఐదుసార్లు తిప్పితే ఐదు కొనల నక్షత్రం. ఫార్వర్డ్ 100, లెఫ్ట్ 90, నాలుగుసార్లయితే చతురస్రం. డీబగ్గర్‌లో ఒక్కో ఎఫ్6కు ఒక్కో గీత పడుతుంటే, ముగ్గు వేసే చెయ్యి కదిలినట్టే లూప్ కదులుతుంది. ఫైల్‌కు మాత్రం టర్టిల్ అన్న పేరు పెట్టకూడదు. పెడితే పైథాన్ తన టర్టిల్‌ను వదిలేసి మీ ఫైల్‌నే తెచ్చుకుంటుంది, ఫార్వర్డ్ అన్నదే లేదని ఎర్రర్ ఇస్తుంది. రాండమ్ అన్న పేరుకూ ఇదే వర్తిస్తుంది.

మిగతావాటితో పోలిస్తే

పైథాన్‌తో పాటు వచ్చే ఐడిల్‌లోనూ డీబగ్గర్ ఉంది. అందులో స్టెప్ నొక్కితే ప్రింట్ దగ్గర మన ప్రోగ్రామ్ వదిలేసి ఐడిల్ సొంత ఫైళ్లలోకి వెళ్లిపోతుంది. ఓవర్ నొక్కాలని తెలియని పిల్లలు ఎక్కడున్నారో తెలియక బెదిరిపోతారు. సీబీఎస్ఈ పదకొండో తరగతి పైథాన్ చదివే పిల్లలు ఐడిల్‌లో రాసిన ప్రోగ్రామ్‌లన్నీ థానీలో ఏ మార్పూ లేకుండా నడుస్తాయి, కాబట్టి ఇంటి దగ్గర థానీ వాడుకోవచ్చు.

నిజమైన పోటీ పైథాన్ ట్యూటర్ వెబ్‌సైట్‌తో. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు, అడుగులను స్లైడర్‌తో ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. రెండు పేర్లు ఒకే జాబితాను చూస్తున్నాయని బాణాలతో చూపించడంలో అది థానీకంటే చాలా మెరుగు. సీ భాషకు కూడా పనిచేస్తుంది, ఆ పని థానీ చేయదు. అయితే ఇంటర్నెట్ ఉండాలి, వెయ్యి అడుగులు దాటితే ఆపేస్తుంది, ఒక వరుసలో లెక్క ఎలా జరిగిందో ముక్కముక్కలుగా చూపించదు. చేతిలో ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు థానీ దారి మూసేసినట్టే, ఫోన్‌లో అది నడవదు. వాళ్లు పైథాన్ ట్యూటర్‌నే ఫోన్ అడ్డంగా తిప్పి వాడుకోవాలి, తెర ఇరుకైనా సరే.

విజువల్ స్టూడియో కోడ్ మంచి ఎడిటరే. లూప్‌లు వచ్చాక వెళ్లాల్సింది అక్కడికే. మొదటి నెలలో మాత్రం వద్దు. ఎక్స్‌టెన్షన్లు, ఫోల్డర్లు, ఇంటర్‌ప్రెటర్ ఎంపిక, ఇవన్నీ దాటేలోపు అసలు పాఠం పక్కకు పోతుంది. పైగా ఫర్ అని కొట్టగానే మిగతాది కృత్రిమ మేధ పూర్తిచేసి పెట్టే ఏర్పాటు ఉంటే, నేర్చుకోవాల్సిన ఆ ఒక్క పనీ మన చేతి నుంచి జారిపోతుంది.

థానీ డీబగ్గర్ నెమ్మది. ప్రతి చిన్న లెక్క దగ్గరా ఆగగలిగేలా కట్టారు కాబట్టి, లక్ష చుట్ల లూప్‌ను కంట్రోల్+ఎఫ్5తో నడిపితే చాలాసేపు పడుతుంది. రన్ మెనూలో ఫాస్టర్ అన్న డీబగ్గర్ ఉంది, అది వరుసకో అడుగు వేస్తుంది, పెట్టెలు చూపించదు. పెద్ద లూప్‌లకు దాన్ని వాడాలి, లేదా చుట్లు ఐదుకు తగ్గించి పరీక్షించాలి. రెండోదే మంచి అలవాటు.

తెలుగు అక్షరాల మీద లూప్ తిప్పాలనుకునేవాళ్లకు ఒక సంగతి. 'ఫర్ అక్షరం ఇన్ "తెలుగు"' అని తిప్పి చూడండి. మూడు చుట్లు రావాలనిపిస్తుంది, ఆరు వస్తాయి. త ఒకటి, ఎత్వం ఒకటి, ల ఒకటి, కొమ్ము ఒకటి, గ ఒకటి, మళ్లీ కొమ్ము ఒకటి. యూనికోడ్‌లో హల్లుకో సంఖ్య, గుణింతపు గుర్తుకో సంఖ్య ఉంటాయి, పైథాన్ ఆ సంఖ్యలను లెక్కపెడుతుంది. క్ష అయితే క, పొల్లు, ష అని మూడు చుట్లు. కాబట్టి తెలుగు మాటను తిప్పి రాయమనే ప్రోగ్రామ్ ఇంగ్లిష్ మాటకు రాసినట్టు రాస్తే గుణింతాలు తప్పు అక్షరాలకు అతుక్కుంటాయి. థానీలో దీన్ని అడుగడుగునా చూడవచ్చు, విండోస్‌లో అయితే. లినక్స్‌లోనూ రాస్ప్‌బెర్రీ పైలోనూ థానీ కిటికీల్లో ఒత్తులు, గుణింతాలు హల్లుకు అతుక్కోకుండా విడివిడిగా పడవచ్చు, తెలుగు పేర్ల వేరియబుల్స్ చదవడానికి ఇబ్బందిగా ఉంటాయి. అక్కడ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోండి. ప్రోగ్రామ్ మాత్రం ఎక్కడైనా ఒకేలా నడుస్తుంది.